అతుక్కోని పిండి

హైదరాబాద్ శివారులోని అప్పా కూడలి దాటి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే దారికి రెండు పక్కలా మర్రిచెట్లు. ఆ కూడలి నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్ల దారిలో 900కు పైగా మర్రులుండేవి. సెలవుల్లో అమ్మమ్మ ఊరికి పోయేటప్పుడు బస్సు ఆ నీడలోకి దూరగానే నాకు జొన్నరొట్టె గుర్తొచ్చేది. అయితే మొదట గుర్తొచ్చేది దాని రుచి కాదు, చప్పుడు. కోడి కూయకముందే నడవలో ఇసుర్రాయి తిరిగే చప్పుడు. గింజలు పోయగానే అది బరువుగా, బొంగురుగా మొదలయ్యేది. గింజ నలిగేకొద్దీ మెత్తబడేది. లోపల గింజ అయిపోతే రాయికి రాయి తగిలి గొంతు మారేది. దుప్పట్లో పడుకుని, కళ్లు తెరవకుండానే, పిండి ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేవాణ్ని.

ఆ ఇసుర్రాయి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఈమధ్య ఒక పూటంతా దాని ముందు కూర్చుని, పైరాయి ఎత్తి, టేపు పెట్టి కొలిచి చూశాను. దాని గురించి చెప్పాలంటే ముందు జొన్న గుణం చెప్పాలి.

జొన్నపిండి అతుక్కోదు. గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటుంది; అందుకే చపాతీ ఎంత పల్చగా ఒత్తినా చిరగదు. జొన్నలోనూ మాంసకృత్తు ఉంది. దాని పేరు కాఫిరిన్. కానీ అది కంటికి కనబడని చిన్న చిన్న గుళికల్లో మూసుకుపోయి ఉంటుంది. నీళ్లు తగిలినా సాగదు, వల అల్లదు. చల్లటి నీళ్లతో కలిపిన జొన్నపిండి చూడటానికి ముద్దలాగే ఉంటుంది. ఒత్తితే అంచులన్నీ ఎండిన చెరువులా విచ్చుకుంటాయి. అమ్మమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. ఆమె వంటింట్లోని ప్రతి వస్తువూ, చేతిలోని ప్రతి అలవాటూ ఈ ఒక్క లోపాన్ని దాటడానికే అమరి ఉన్నాయని మాత్రం చాలా ఏళ్లకు నాకు అర్థమైంది.

ఆ ప్రాంతంలో రెండు రకాల నేలలు కలుస్తాయి. చేవెళ్ల నుంచి వికారాబాద్ వైపు పోయేకొద్దీ నల్లరేగడి. మొయినాబాద్ వైపు ఎర్ర చెల్కలు, గ్రానైటు బండలు. నల్లరేగడి వానాకాలపు తడిని కడుపులో దాచుకుంటుంది. వానలు వెనకబట్టాక వేసిన జొన్న ఆ తడితోనే, పైనుంచి చుక్క నీరు లేకుండా గింజ పడుతుంది. ఆ నేలలో పండిన జొన్నను చెల్క పక్కన దొరికే రాయితో ఇసిరేవాళ్లు. గింజ ఒక నేలది, రాయి ఇంకొక నేలది.

మా ఇసుర్రాయి వెడల్పు 16 అంగుళాలు. పైరాయి మందం రెండంగుళాలు. గ్రానైటు ఘనసెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన పైరాయి ఒక్కటే 17 కిలోలు. ఇంతకంటే తేలికైతే గింజ మీద బరువు చాలదు, గింజ నలగకుండానే బయటికి దొర్లిపోతుంది. ఇంతకంటే బరువైతే ఒక్క మనిషి రోజూ తెల్లవారుజామున తిప్పలేదు. చెక్కినవాడు ఏ తక్కెడా పట్టకుండా ఆ రెండింటి మధ్య సరిగ్గా ఆగాడు.

కిందిరాయి నడుమ ఇనుప సీల ఒకటి నిలబెట్టి ఉంటుంది. పైరాయి నడుమ గింజలు పోసే బొక్క. మా ఇంట్లో దాన్ని నోరు అనేవాళ్లు. ఆ నోటికి అడ్డంగా లోపలివైపు చిన్న కొయ్యముక్క బిగించి, దాని మధ్యలో గుంట తొలిచారు. సీల మొన ఆ గుంటలో కూర్చుంటుంది. కొయ్యముక్కకు రెండు పక్కలా మిగిలిన సందుల్లోంచి గింజ కిందికి జారుతుంది. అంటే బరువు మోయడం, తిరుగుడుకు ఇరుసు కావడం, గింజకు దారి ఇవ్వడం, ఈ మూడు పనులూ అరచేయంత చోటులో ఒకదానికొకటి అడ్డం రాకుండా జరుగుతాయి.

ఆ గుంటలో ఇంకో ఉపాయం ఉంది. కందులు పప్పు చేయాల్సిన రోజున అమ్మమ్మ గుంటలో గుడ్డపేలిక మడిచి పెట్టేది. పైరాయి గోరంత ఎత్తు లేచేది. ఆ సందులో కందిగింజ పిండి కాకుండా రెండు బద్దలుగా విడి, పొట్టు వదిలి బయటికొచ్చేది. మళ్లీ జొన్నలు ఇసరాలంటే పేలిక తీసేస్తే చాలు. అంత బరువైన రాయి ఎంత ఎత్తున తిరగాలో ఒక మడత గుడ్డ నిర్ణయించేది.

తర్వాత రాళ్ల లోపలి ముఖాలు చూశాను. కిందిరాయి మీద తిన్నని బద్దను అడ్డంగా పెడితే అది నడుమ ఆని రెండు వైపులా ఊగింది. పైరాయిని తిరగేసి పెడితే నడుమ బద్ద కింద వెలుతురు కనిపించింది. కిందిది కాస్త ఉబ్బెత్తు, పైది కాస్త పల్లం. పల్లం ఉబ్బు కంటే ఒక పిసరు ఎక్కువ. అందువల్ల రెండూ కలిసినప్పుడు నోటి దగ్గర సందు ఎక్కువగా ఉండి, అంచుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. నోట్లోంచి పడిన జొన్నగింజకు మొదట కావలసినంత చోటు దొరుకుతుంది; అక్కడ అది పగులుతుంది. పగిలిన ముక్క బయటివైపు జరిగేకొద్దీ చోటు తగ్గుతుంది, రవ్వవుతుంది. అంచు దగ్గర రెండు రాళ్లూ దాదాపు ఆనుకుంటాయి, అక్కడ పిండవుతుంది. వేగం కూడా అలాగే పెరుగుతుంది. నడుమ నుంచి అంగుళం దూరంలో ఉన్న చోటు ఒక చుట్టుకు ఆరంగుళాల పైచిలుకు కదులుతుంది; అంచు మీది చోటు అదే చుట్టుకు 50 అంగుళాలు కదులుతుంది. మొదట మెల్లగా పగలగొట్టి, చివర వేగంగా నూరడం. రోట్లో అయితే ఈ రెండు పనులకు రోకలి రెండు రకాలుగా పడాలి. ఇక్కడ ఒక్క చుట్టులోనే రెండూ జరుగుతాయి.

ఇక కక్కు. నున్నటి రాళ్ల మధ్య గింజ జారుతుంది తప్ప నలగదు. అందుకే రాతి ముఖమంతా ఉలితో పొడిచి గరుకు చేస్తారు. మా కిందిరాయి మీద ఆ పోట్లు వరసలు కట్టి, నోటి దగ్గర్నుంచి అంచుకు, కాస్త వంపు తిరిగి పోతాయి. ప్రతి పోటూ జొన్నగింజలో సగం లోతు. గింజను పట్టి ఆపడానికి అది చాలు. ఇంకా లోతైతే పిండి అందులోనే కూరుకుపోతుంది. గ్రానైటు ఇందుకు కొంత తనంతట తానే సాయపడుతుంది. అందులోని పలుగురాయి పలుకు గట్టిది, ఫెల్డ్‌స్పార్ దానికంటే కాస్త మెత్తన, అభ్రకం మరీ మెత్తన. అన్నీ ఒక్కలా అరగవు కాబట్టి వాడేకొద్దీ మెత్తని చోట్లు లోపలికి పోయి, గట్టి పలుకులు పైకి తేలి, కొంత గరుకు మిగిలే ఉంటుంది. అయినా కొన్ని నెలలకు పిండి బరకగా రావడం, చేతికి బరువు పెరగడం తెలిసేది. అప్పుడు కక్కు కొట్టేవాళ్ల కోసం ఎదురుచూపు. ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని వాళ్లు ఊరూరూ తిరిగేవాళ్లు. వాకిట్లో కూర్చుని, రాయిని కాళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో పోటూ ఒకే దెబ్బతో వేసేవాళ్లు. రెండో దెబ్బ పడితే పలుకు పెచ్చు లేస్తుంది. ఆ మర్నాడు మొదట ఇసిరిన పిండిని మేం తినేవాళ్లం కాదు. అందులో రాతి పొడి ఉంటుందని అమ్మమ్మ పిడికెడు నూకలు ఇసిరి, ఆ పిండితో రాయి కడుపు తుడిచి పారబోసేది.

పిడి పైరాయి అంచుకు దగ్గరగా నిలబెట్టి ఉంటుంది. అది నడుమకు ఎంత దూరంగా ఉంటే చేతికి అంత తేలిక, కానీ చెయ్యి తిరగాల్సిన చుట్టు అంత పెద్దదవుతుంది. కూర్చున్న మనిషి నడుము వంచకుండా చెయ్యి చాపగలిగే దూరమే దానికి హద్దు. మా పిడి నడుమ నుంచి ఏడంగుళాల దూరంలో ఉంది. పైభాగం అరచేతి ఆకారానికి లోపలికి అరిగిపోయింది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే ఒకే పిడిని ఇద్దరూ పట్టుకుంటారు. ఒకరు లాగే సగంలో ఇంకొకరికి ఊపిరి తీసుకునే వీలుంటుంది. ఇసురుతూ పాడే పాటల నడక అక్కణ్నుంచే వచ్చిందని నా నమ్మకం. చరణం విరిగే చోటు, చెయ్యి మారే చోటు ఒకటే.

కుడిచేత్తో తిప్పుతూ అమ్మమ్మ ఎడమచేత్తో గింజ పోసేది. అసలు పనితనమంతా ఆ ఎడమచేతిది. గింజ ఎక్కువ పోస్తే పైరాయి దాని మీద తేలుతుంది, రవ్వ వస్తుంది. గట్కకు కావలసింది ఆ రవ్వే. ఉడికించి సల్ల పోసుకుని తినడానికి. తక్కువ తక్కువగా పోస్తే రాయి కిందికి దిగి మెత్తటి పిండి ఇస్తుంది. మరీ తక్కువైతే రాయిని రాయి తింటుంది. రొట్టెకు ఆమె రెండు మూడు చుట్లకోసారి, పిడికెడుకు తక్కువగా పోసేది. లెక్కపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చప్పుడు వినేది.

ఇసరడానికి ముందు గింజ చాటలోకి వచ్చేది. చాట మేదరివాళ్ల పని. వెదురు బద్దల్ని పల్చగా చీల్చి అల్లి, మూడు వైపులా అంచు లేపి, నాలుగో వైపు వదిలేస్తారు. నానబెట్టి రుబ్బిన మెంతులూ పాతకాగితాల గుజ్జూ పూస్తే అల్లిక సందులు మూసుకుని నున్నబడేది. చాటతో చేసే పనులకు మనకు వేర్వేరు మాటలున్నాయి: ఎగరేసి గాలికి పొట్టు పోగొడితే చెరగడం, ఎగరనీయకుండా వేళ్లతో తట్టి సన్నవీ లావువీ వేరు చేస్తే నేమడం. ఒకే చాట, మణికట్టు తిప్పే తీరులో తేడా.

ఇసిరిన పిండిని అమ్మమ్మ ఎప్పుడూ దాచేది కాదు. రెండ్రోజులకు మించితే రొట్టె విరుగుతుందనేది. చేదెక్కుతుందని కూడా అనేది. జొన్నగింజ మొలకభాగంలో నూనె ఉంటుంది. రాయి దాన్ని కూడా పిండిలో కలిపేస్తుంది. గాలి తగిలి ఆ నూనె చెడుతుంది. గింజగా ఉన్నంతకాలం నెలల తరబడి నిలిచే జొన్న, పిండి కాగానే రోజుల లెక్కలోకి వస్తుంది. అందుకే ఆ చప్పుడు రోజూ తెల్లవారుజామున. ఆమె రోజూ లేచి ఇసరడం నాకు చిన్నప్పుడు కష్టంగా మాత్రమే కనిపించింది. అందులో కష్టం నిజమే. ఊళ్లోకి గిర్ని వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆమే. ఆ తర్వాత కూడా రొట్టెల పిండిని వారానికి సరిపడా ఒకేసారి పట్టించలేదు. నాలుగు శేర్ల చొప్పున పంపేది.

ఇప్పుడు అతుక్కోని పిండి తాంబాళంలో ఉంది. అందులో గుంట చేసి సలసల కాగే ఎసరు పోయడం తొలి అడుగు. జొన్నలోని పిండిపదార్థం సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటాక నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతుంది. ఎసరు తగిలినంత మేర పిండి కొంత ఉడికి గంజిలా మారుతుంది. తక్కిన పొడిపిండిని ఆ గంజి పట్టి ఉంచుతుంది. గోధుమకు పుట్టుకతో ఉన్న బంధాన్ని జొన్నకు వేడితో కల్పించడమన్నమాట. మొత్తం పిండి ఉడికితే అది సంకటి, రొట్టె కాదు. అందుకే అమ్మమ్మ ఎసరు ఒక పక్కనే పోసి, గరిటె కాడతో ఆ పక్కను మాత్రం కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే ఒక్క రొట్టెకు సరిపడా పిండిని ముందుకు లాక్కునేది. అరచేతి అడుగుభాగంతో దాన్ని ముందుకు తోసి, వేళ్లతో వెనక్కి లాగి, మళ్లీ తోసి, పగుళ్లు కనబడనంత వరకూ పిసికేది. తక్కిన పిండి పొడిగానే ఉండేది. అన్నిటికీ ఒకేసారి కలిపిపెడితే చివరి ముద్ద ఆరి బిగుసుకుపోతుంది.

రొట్టె కొట్టడం నాపరాతి బండ మీద. చపాతీలా కర్రతో ఒత్తితే కర్ర పిండిని లాగుతుంది, లాగితే జొన్న చిరుగుతుంది. అరచెయ్యి లాగదు, పైనుంచి అణుస్తుంది. అందుకే దీన్ని మనం చేయడం అనం, కొట్టడం అంటాం. బండ మీద పొడిపిండి చల్లి, ముద్దను గుండ్రంగా అదిమి, అమ్మమ్మ కుడి అరచేత్తో తట్టడం మొదలుపెట్టేది. ఎడమచెయ్యి అంచు దగ్గర చిన్న గోడలా నిలబడి, విచ్చుకోబోయే అంచును లోపలికి నెడుతూ ఉంటుంది. దెబ్బ ఎప్పుడూ నడుమ పడదు. నడుమకు కాస్త పక్కన పడుతుంది. దాంతో ప్రతి దెబ్బకూ రొట్టె తనంతట తాను కొంచెం తిరుగుతుంది. కింద చల్లిన పొడిపిండి రొట్టె బండకు అంటకుండా జారనిస్తుంది. తిరుగుతూ తిరుగుతూ ప్రతి చోటూ అరచేతి కిందికి వచ్చి పోతుంది, మందం అంతటా ఒక్కటవుతుంది. చేతిని చుట్టూ తిప్పాల్సిన పని లేదు. చెయ్యి ఉన్న చోటే ఉంటుంది, రొట్టె దాని దగ్గరికి వస్తుంది. నడవలో రాయి తిరిగినట్టే వంటింట్లో రొట్టె కూడా తిరుగుతోందని ఇది రాస్తుంటే తట్టింది.

పొయ్యిలో రెండు రకాల కట్టె ఉండేది. కందికట్టె చిటపట మండి మంట ఇస్తుంది గానీ నిప్పు నిలవదు. తుమ్మకట్టె నెమ్మదిగా కాలి నిప్పులు మిగులుస్తుంది. రొట్టెకు రెండూ కావాలి: పెంక మీద ఉన్నంతసేపు మంట, దిగాక నిప్పులు. మంట తగ్గితే గుప్పెడు కందికట్టె లోపలికి తోసేది, హెచ్చితే బయటికి లాగేది. మన స్టవ్వులకు ఉండే మీట పని ఆ కట్టెదే.

రొట్టెను రెండు చేతుల మీదికి జార్చుకుని, పిండి అంటిన ముఖం పైకి వచ్చేలా పెంక మీద పరిచేది. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్లు పూసేది. చూడటానికి పొడిపిండి తుడుస్తున్నట్టు ఉంటుంది. కానీ ఆ తడి, కింద కాలుతున్న వేడికి, రొట్టె పైముఖాన్ని సన్నటి పొరలా ఉడికిస్తుంది. కొట్టేటప్పుడు మిగిలిన వెంట్రుకవాసి పగుళ్లన్నీ ఆ పొర కింద పూడిపోతాయి. ఇక తిప్పాల్సిన క్షణం కోసం చూడాలి. తడి మెరుస్తుండగా తిప్పితే పెంకకు అంటుకుంటుంది. పూర్తిగా ఆరాక తిప్పితే పైపొర బీటలు వారుతుంది. మెరుపు పోయి తేమ ఇంకా మిగిలున్న ఆ రెండు మూడు లిప్తలే సమయం. అమ్మమ్మ ఆ లిప్తల్లో పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఉండేది. చేతులు మాత్రం మాటను పట్టించుకునేవి కావు.

రెండో పక్క కూడా మచ్చలు పడ్డాక రొట్టెను తీసి పొయ్యి నోటి దగ్గర, నిప్పులకు ఎదురుగా నిలబెట్టేది. అప్పుడు జరిగేది చూడటానికే నేను పొయ్యి ముందు కూర్చునేవాణ్ని. లోపలి తేమ ఆవిరవుతుంది. రెండు వైపులా పొర మూసుకుని ఉంది, అంచులు ఎడమచేతి గోడ పుణ్యమా అని చీలలేదు. ఆవిరికి పోవడానికి దారి లేదు. రొట్టె మెల్లగా ఉబ్బి రెండు పొరలుగా విడిపోతుంది. ఎక్కడైనా ఒక్క పగులుంటే సుయ్‌మని ఆవిరి పోయి చతికిలబడుతుంది. పిండి పాతబడ్డా, ఎసరు చల్లారినా, పిసకడం తక్కువైనా, దెబ్బ ఒక పక్కే ఎక్కువ పడినా, తడి ఆరిపోయాక తిప్పినా ఇక్కడ బయటపడుతుంది. పొంగిన రొట్టెను గుడ్డ పరిచిన వెదురు గంపలో వేసేది. గంప సందుల్లోంచి ఆవిరి పోతుంది కాబట్టి అడుగు రొట్టె చెమ్మగిల్లేది కాదు.

ఎల్లిపాయ కారం, పుంటికూర, పచ్చిపులుసు, ఏది ఉంటే అది. వేడి రొట్టె పైపొర తీసి లోపల కారం, నూనె చుక్క వేసి మూసి ఇస్తే దాన్ని చేతిలో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాళ్లం. మిగిలినవి ఎండి గట్టిపడేవి. మర్నాడు వాటిని సల్లలో ముక్కలు చేసి నానబెట్టుకోవడం ఇంకో తిండి.

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టూ ఇప్పుడు పొలాల్లో కూరగాయలు, పూలు, పత్తి, మక్క ఎక్కువ. జొన్న మీద పరిశోధనకు 1987లో జాతీయ కేంద్రం పెట్టింది అక్కడికి దగ్గర్లోని రాజేంద్రనగర్‌లోనే. ఇప్పుడది చిరుధాన్యాలన్నిటికీ పెద్ద సంస్థ. జొన్నరొట్టె నగరంలో బండ్ల మీద, రాత్రిపూట వీధి దీపాల కింద మళ్లీ దొరుకుతోంది. ఆ బండ్ల దగ్గర ఆగినప్పుడల్లా నేను ముందు ఆ తల్లుల ఎడమచేతుల్ని చూస్తాను.

ఇసుర్రాయిని కొలిచిన రోజు సాయంత్రం ఒక సోలెడు జొన్నలు తెచ్చి ఇసరడానికి కూర్చున్నాను. పేలిక తీశానో లేదో చూసుకుని, పైరాయి సీల మీద కూర్చోబెట్టి, పిడి పట్టుకుని తిప్పాను. మొదటి చుట్లు బరువుగా, బొంగురుగా వచ్చాయి. తర్వాత మెత్తబడింది. అంచు చుట్టూ తెల్లటి పిండి గీత కనిపించేసరికి దాన్నే చూస్తూ ఉండిపోయాను. లోపలి గదిలో మంచం మీద పడుకున్న చిన్నమ్మ, కళ్లు మూసుకునే ఉండి ఉంటుంది, గొంతు పెంచి అన్నది:

"రాయి ఉత్తగనే తిరుగుతున్నది బిడ్డా. గింజలు పొయ్యి."